గంటకు ఒక అణా

శ్రీకాకుళం పట్టణానికి రైలులో వచ్చేవారు దిగవలసినది ఆమదాలవలసలో. స్టేషను బోర్డు మీద మాత్రం శ్రీకాకుళం రోడ్డు అని ఉంటుంది. ఊరి పేరొకటి, స్టేషను పేరొకటి అయినందువలన కొత్తవారు తికమకపడి, దిగాలా వద్దా అని కిటికీలోనుండి అడగడం మేము పలుమార్లు చూచినాము. అక్కడినుండి విజయనగరం వైపు కొద్ది దూరం పోగానే పొందూరు వస్తుంది. ఆ పేరు వినగానే తెల్లని పంచెలచాపు, మడత నలగని కండువా కండ్లకు కట్టే పెద్దలు మన ఇండ్లలో ఇంకా ఉన్నారు. ఆ బట్ట ఎంత సన్ననిదో, ఎంత మెత్తనిదో వర్ణించినవారికి లోటు లేదు. ఆ నూలు వడికిన చేతికి ముట్టినదెంత అని విచారించినవారు తక్కువ. మా ప్రసంగం ఈ రెండవ సంగతిని గురించినది.

కూలి సంగతి తెలియాలంటే ముందు పని సంగతి తెలియాలి. పొందూరు సన్ననూలుకు వాడేది మిల్లులు కోరే పొడుగు పింజె పత్తి కాదు. కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి అని అక్కడివారు పిలిచే పొట్టి పింజె నాటుపత్తులు. గింజను వదలని పత్తిని మొదట చేప దవడతో దువ్వుతారు. అది వాలుగ చేప దవడ ఎముక. సన్నని పండ్లు దగ్గరదగ్గరగా ఉండి, ఏ కమ్మరీ చేయలేని దువ్వెన వలె ఉంటుంది. గోదావరి ప్రాంతంనుండి దానిని తెప్పించుకొంటారు. దువ్వగా దువ్వగా నలుసు, పొల్లు రాలి, పోగులన్నీ ఒకే వైపు తిరుగుతవి. తరువాత చిన్న చెక్కపలక మీద ఉంచి, ఇనుప కడ్డీ దొర్లించి గింజను వేరు చేస్తారు. ఆ పైన విల్లుతో ఏకుతారు. ఏకులు చుట్టి, తడి తగలకుండ, నలగకుండ ఎండిన అరటి దొప్పలో దాచుకొంటారు. ఇంత అయిన తరువాతనే ఒంటికదురు రాట్నం ముందు కూర్చుండడం.

ఒకప్పుడు మేము రికార్డింగు పనిమీద ఆ ప్రాంతానికి వెళ్లినాము. మా వృత్తికి కావలసినది శబ్దం. రాట్నం తిరిగే చప్పుడు, ఏకే విల్లు నారి మోగే చప్పుడు, మగ్గం మీద నాడె చప్పుడు చక్కగా దొరికినవి. చేప దవడతో దువ్వేటప్పుడు మాత్రం మైకు ఎంత దగ్గరగా పెట్టినా ఏమీ వినబడలేదు. ఆ పని చేస్తున్న వృద్ధురాలిని, అవ్వా, దీనికి రోజూ ఎంతసేపు పడుతుంది అని అడిగినాము. “ఇదేటి పని బాబూ, పనంటే రాట్నం కాడ కూకుంటేనే గదా” అన్నది. కూలి చరిత్రలోని చిక్కు అంతా ఆ మాటలో ఉన్నదని మాకు తోచినది. వడికిన నూలుకు చిలప లెక్కన డబ్బు ముట్టుతుంది. చిలప చేతికి రాకముందు గడిచిన గంటలన్నీ ఆ చిలప ధరలోనే ఇమిడిపోవాలి. ఇమిడినవో లేదో ఆమె ఎన్నడూ లెక్క చూచుకోలేదు.

మనం చూతము. నూలు సన్నదనాన్ని నంబరుతో చెప్పుతారు. పాత ఇంగ్లీషు లెక్క ప్రకారం ఒక పౌను బరువుకు 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అది అన్నో నంబరు. నూరవ నంబరు నూలు అంటే పౌనుకు నూరు చిలపలు, అనగా 84,000 గజాలు, 47 మైళ్లకు పైన. ఆ పౌను నూలును ఆమదాలవలస స్టేషనునుండి పట్టాల వెంబడి పరచుకొంటూ పోతే విజయనగరం దాటిన తరువాత కూడ కొంత మిగులుతుంది. చేయి తిరిగిన మనిషి గంటకు 300 గజాలు వడికినదనుకొన్నా, ఆ పౌనుకు 280 గంటలు పట్టుతుంది. దినానికి ఎనిమిది గంటల చొప్పున 35 దినాలు. దువ్వడం, ఏకడం ఇందులో చేరలేదు. బరువు చూచి వెల కట్టేవానికి ఈ 35 దినాలు కనబడవు. దూది మాత్రం ఒక పౌనే కదా!

ఈ మాట ఈనాటిది కాదు. శ్రీకాకుళం మస్లినులకు పేరున్న కాలంలో భీమునిపట్టణంలో డచ్చివారు, విశాఖపట్టణంలో ఇంగ్లీషువారు కొఠీలు పెట్టుకొని బట్టలు కొన్నారు. కొనేవారు పలువురై పోటీపడినంతకాలం నేతవానికి ధర అడిగే బలం ఉండేది. 1765–66లో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీ వశమైన తరువాత కొనేవాడూ, ఏలేవాడూ ఒకడే అయినాడు. బయానా ఇవ్వడం, ఆ బయానా తీరేవరకు సరుకు మరొకరికి అమ్మకుండ కట్టివేయడం, తెచ్చిన తానును నాసిరకమని తగ్గించి కొనడం కంపెనీ కొఠీల పద్ధతి. దానికి తోడు మగ్గం మీద పన్ను. చెన్నరాజధానిలో మొహతర్ఫా అనే వృత్తిపన్ను కింద మగ్గానికి కట్టవలసి వచ్చిన ఆ సొమ్ము 1861లో గాని రద్దు కాలేదు.

ఇదంతా నేతవాని కథ. అతడు కనీసం లెక్కల పుస్తకాలలో కనబడుతాడు, తగవుపడుతాడు, అర్జీ పెట్టుకొంటాడు. వడికే స్త్రీ ఇంటనే ఉండి, సంతకు నూలు పంపి, వచ్చినది పుచ్చుకొన్నది. ఆమెకు బయానా లేదు, అర్జీ లేదు. ఒక మగ్గానికి సరిపడు నూలు అందించాలంటే పలు రాట్నాలు తిరగాలి గనుక, వడికేవారి సంఖ్య నేతవారికంటే ఎక్కువే అయి ఉండాలి. అయినా చరిత్రకారుల పుటలలో వారికి దొరికిన చోటు స్వల్పం. 1820ల తరువాత ఇంగ్లండు మరనూలు ఓడలలో దిగడం మొదలైనప్పుడు మగ్గం ఎట్లో నిలిచినది, నూలు మారినదంతే. ఆగిపోయినది రాట్నం. 1890లలో తూర్పుతీరపు రైలుమార్గం పడిన తరువాత మరనూలు మారుమూల సంతకు కూడ సులభంగా చేరినది. ఆ రోజులలో ఈ ప్రాంతపు మగవారు కూలికై రంగం ఓడలెక్కిపోతూ ఉండగా ఇంటిదగ్గర ఆడవారికి ఉన్న నాలుగు రాళ్ల ఆదాయమూ ఈ విధంగా సన్నగిల్లినది. పొందూరులో మాత్రం రాట్నం పూర్తిగా ఆగలేదు. అంత సన్నని చేతినూలు పంచెలను కోరి కట్టే సంపన్నులు ఉండడమే అందుకు కారణమై ఉంటుంది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘం దేశంలో 20 లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించినది. తెలుగుదేశమంతటా చచ్చిపోయిన విద్యను బ్రదికించే ప్రయత్నం సాగుతుండగా, పొందూరులో ఆ విద్య చావకుండనే ఉన్నదన్న వార్త గాంధీజీకి చేరినది. తమ కుమారుడు దేవదాసు గాంధీని పంపి ఆ పని విధానం చూచి రమ్మన్నారని పొందూరువారు నేటికీ సగర్వంగా చెప్పుకొంటారు. అప్పటినుండి ఆ ఊరి బట్టకు దేశవ్యాప్తమైన పేరు వచ్చినది. పేరు వచ్చినంత వేగంగా కూలి పెరిగినదా? 1925లో పాట్నాలో ఏర్పడిన అఖిల భారత చరఖా సంఘం మొదటి పదేండ్లూ ఖాదీ ధర తగ్గించడం ఎట్లా అని తలపట్టుకొన్నది. మిల్లు బట్ట పక్కన ఖాదీ నిలవాలి, దేశభక్తి ఉన్నా డబ్బు లేని గుమాస్తా కూడ కొనగలగాలి. ఆ ఉద్దేశం మంచిదే. కాని దూది ధర సంఘం చేతిలో లేదు, రైలు కిరాయి చేతిలో లేదు. తగ్గించడానికి వీలైనది వడికే కూలి ఒక్కటే.

ఇక్కడ ఒక చట్టాన్ని గురించి చెప్పక తప్పదు. 1934లో కేంద్ర శాసనసభ ఖద్దరు పేరును కాపాడే చట్టం చేసినది. చేత వడికి, చేత నేసిన బట్టనే ఖద్దరు అనాలి. మిల్లు బట్టకు ఆ ముద్ర వేసి అమ్మరాదు. బట్ట పేరుకు రక్షణ దొరికినది. బట్టను పుట్టించిన మనిషి కూలికి ఆ చట్టంలో ఒక్క వాక్యం లేదు. నిజానికి ఖద్దరు అనే మాటకు ఆనాటివరకు ఎవరూ ఆ అర్థం చెప్పలేదు కూడ.

చెప్పినవారు గాంధీజీ, మరుసటి సంవత్సరమే. 1935లో హరిజన్ పత్రికలో ఆయన ఈ విషయం ఎత్తుకొన్నారు. చవకగా అమ్మాలనే ఆత్రంలో, ఎవరి కోసం ఖాదీ పుట్టినదో వారినే మరచినామని ఒప్పుకొన్నారు. గంటకు ఒక అణా, ఎనిమిది గంటల పనికి ఎనిమిదణాలు ఉండాలని ఆయన ప్రతిపాదన. వడికినా, నేసినా, ఏకినా గంట గంటే గనుక కూలి ఒకటిగానే ఉండాలని కూడ అన్నారు. ఈనాడు అణా అంటే పిల్లలకు తెలియదు. రూపాయికి పదహారవ పాలు. అప్పుడు వడికే స్త్రీకి ముట్టేది దీనిలో చిన్న భాగం. తోటి ఖాదీ కార్యకర్తలు బెదిరినారు. కూలి ఇంత పెంచితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే అమ్మకం పడిపోతుంది, అమ్మకం పడిపోతే ఉన్న పని కూడ పోతుంది అన్నారు. ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చరాదు. చేతిపనివారి సంఘాలు నడిపినవారెవరిని అడిగినా, రాత్రి నిద్ర పట్టనీయనిది ఇదే వాదమని చెప్పుతారు.

ఆ అక్టోబరులో వార్ధాలో చరఖా సంఘం చేసిన తీర్మానం మధ్యేమార్గం పట్టినది. ఎనిమిదణాలు అనలేదు. ఎనిమిది గంటలు నిపుణంగా వడికినవారికి, శాస్త్రజ్ఞులు నిర్ణయించిన కనీసపు ఆహారానికీ, ఏడాదికి 20 గజాల బట్టకూ చాలినంత కూలి ముట్టాలని నిర్ణయించినది. వీలునుబట్టి క్రమంగా దానిని ఇంకా పెంచవలెనన్నది. ఆచరణలో చాల చోట్ల కూలి గాంధీజీ కోరిన అణాకు దూరంగానే ఉండిపోయినది. అయినా మా దృష్టిలో ఈ తీర్మానం గొప్పతనం రెండు విధాల ఉన్నది. అంతకుముందు కూలిని బజారు ధరనుండి వెనుకకు లెక్క కట్టేవారు. అమ్మగా మిగిలినది వడికేవారికి. ఇప్పుడు తిండినుండి, బట్టనుండి ముందుకు లెక్క కట్టినారు. కూలి ఖాయమైన తరువాతనే వెల. రెండవది, సంఘం ధ్రువపత్రం పొందిన దుకాణమే ఖాదీ అమ్మాలనే నియమం మునుపటినుండి ఉన్నది. ఇప్పుడు నిర్ణయించిన కూలి ఇచ్చినవారికే ఆ ధ్రువపత్రం. ముద్ర బట్టకు మాత్రమే కాక కూలికి కూడ సాక్ష్యమైనది.

ఈ రెండవ సంగతి విన్నప్పుడు మాకు తివాచీలు గుర్తుకు వస్తవి. మన ఏలూరు తివాచీలు, ఓరుగల్లు తివాచీలు 1851 నాటి లండను మహాప్రదర్శనలో మెప్పు పొందినవి. ఆ మెప్పు వెనుకనే చవక సరుకు కోరే బేరగాండ్లు వచ్చినారు. జైళ్లలో ఖైదీలచేత నేయించిన తివాచీలు బజారులో పడినవి. ఖైదీకి కూలి లేదు. కులవృత్తిగా నేసేవాడు అతనితో పోటీపడి ఎట్లా బ్రతుకుతాడు? జార్జి బర్డ్‌వుడ్ వంటి ఇంగ్లీషు కళాపండితులే ఈ జైలు తివాచీల మీద ఆ శతాబ్దంలోనే గట్టిగా వ్రాసినారు. ఇక ఇరవయ్యవ శతాబ్దంలో అమృతసరసు తివాచీ మగ్గాల దగ్గర తండ్రి తీసుకొన్న బయానాకు పిల్లవాని పనిని తాకట్టు పెట్టే పద్ధతిని 1931లో విట్లీ కమిషను నివేదిక బయటపెట్టగా, 1933లో అటువంటి తాకట్లు చెల్లవని చట్టం వచ్చినది. 1948 కనీస వేతనాల చట్టం చివర జోడించిన పరిశ్రమల పట్టికలో మొట్టమొదట కనబడేది ఉన్ని తివాచీలు, శాలువలు నేసే పనే. ఇంటివద్ద కూర్చుండి పరుల సరుకు మీద పని చేసేవారిని కూడ ఆ చట్టం కార్మికులుగానే ఎంచినది. చట్టం ఎంచినదే గాని, వసారాలో హాజరుపట్టీ ఉండదు, గంట కొట్టేవాడుండడు. తనిఖీ అధికారి ఏమి చూచి పోతాడు? చివరకు 1994లో, బాలకార్మికుల విముక్తికై పనిచేసిన కైలాశ్ సత్యార్థి మొదలైనవారి ప్రయత్నంతో, పిల్లలచేత నేయించనిదని తెలిపే రగ్‌మార్క్ ముద్ర ఎగుమతి తివాచీలకు ఏర్పడినది. విదేశాలలో దానిని కొత్త ఆలోచనగా మెచ్చుకొన్నారు. కొన్న వస్తువు వెంట పనివారి స్థితిని తెలిపే ముద్ర రావాలనే ఊహ వార్ధాలో అంతకు దాదాపు అరువది ఏండ్ల మునుపే పుట్టినదని మన శ్రోతలు ఎరుగుదురు గాక.

తిరిగి పొందూరు వద్దాము. 1949లో అక్కడ సంఘం ఏర్పడినది. దాని పేరు ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం. పేరులో ఖాదీ తరువాత కార్మికుని నిలిపినవారు ఆలోచించే నిలిపి ఉంటారు. 1955లో భూదాన పాదయాత్రలో శ్రీకాకుళం జిల్లాకు వచ్చిన వినోబా భావే ఆ సంఘ భవనానికి శంకుస్థాపన చేసినారు. సంఘం పత్తి ఇస్తుంది, నూలు తీసుకొంటుంది, నేతవారికి నూలు ఇచ్చి బట్ట తీసుకొంటుంది. ఊరి షావుకారుకు అమ్ముకొనే రోజులతో పోల్చితే ఇది ఎంతో మేలు. తూకంలో మోసం లేదు, అప్పు పేరిట నూలు కాజేసేవారు లేరు.

అయితే 1957లో ఖాదీ గ్రామపరిశ్రమల కమిషను వచ్చిన తరువాత దేశమంతటా ఖాదీ వేరొక దారి పట్టినది. అంబర్ చరఖా వ్యాపించినది. ఒంటికదురుకు బదులు పలు కదుళ్లు, ఏకులకు బదులు యంత్రాల మీద తయారైన దారపు వడి. ఒక గంటలో వచ్చే నూలు ఎన్నో రెట్లు పెరిగినది. ఆ మేరకు గంట కూలీ మెరుగుపడే వీలు కలిగినది. దానిని తప్పుపట్టడానికి మాకు మనసు రాదు. కాని చేప దవడతో దువ్విన పొట్టి పింజె కొండపత్తి ఒంటికదురు మీదనే సాగుతుంది. అందువలన ఒకే ఖాదీ పేరు కింద రెండు కాలాలు పక్కపక్కన నడుస్తున్నవి. 2025 ఏప్రిల్ 1 నుండి వడికేవారికి చిలపకు 12 రూపాయల 50 పైసల బదులు 15 రూపాయలు ఇవ్వాలని కమిషను ప్రకటించినది. ఇప్పటి చిలప వెయ్యి మీటర్లది. ఎనిమిది కదుళ్లు ఒక్కమారు తిరిగే చరఖా మీద దినానికి ఎన్నో చిలపలు వస్తవి గనుక ఆ రేటు ఒక దినకూలిగా లెక్కకు వస్తుంది. ఒంటికదురు మీద సన్ననూలుకు అదే కొలబద్ద పెట్టితే ఏమవుతుందో ఇందాకటి 35 దినాల లెక్క చూచినవారికి చెప్పనక్కరలేదు. దానికి రేటు వేరుగా కట్టాలి, కట్టేటప్పుడు దువ్వడానికీ ఏకడానికీ పట్టిన గంటలు వేరుగా వ్రాయాలి. పొందూరు పంచె వెల ఎక్కువ అని అంగడిలో నొసలు చిట్లించేవారు మా ఇండ్లలోనూ ఉన్నారు. ఆ వెలలో ఎన్ని గంటలున్నవో బట్ట మీద ఎక్కడా వ్రాసి ఉండదు గనుక వారిని అనడానికి లేదు.

ఇప్పుడు రాట్నం ముందు కూర్చుండేవారిలో ఎక్కువమంది వయసు మళ్లిన స్త్రీలు. చూపు మందగించినా వేలికొనలకు పోగు తెలుస్తుందంటారు. ఆడపిల్లలు చదువుకొంటున్నారు, పైడిభీమవరం వైపు పరిశ్రమలలోనో, పట్టణపు దుకాణాలలోనో నెల తిరిగేసరికి చేతికి వచ్చే జీతం చూచుకొంటున్నారు. చూచుకోవద్దని చెప్పే హక్కు ఎవరికున్నది?

మేము రికార్డింగు ముగించుకొని సామాను సర్దుకొంటూ ఉండగా ఆ వృద్ధురాలి మనుమరాలు కాలేజీనుండి వచ్చినది. నీకు రాట్నం వచ్చునా అమ్మా అని అడిగినాము. వచ్చును గాని సెలవులలో మాత్రమే కూర్చుంటానన్నది. గంటకు ఎంత పడుతుందని అడిగినాము. ఆ పిల్ల మామ్మ వైపు ఒకసారి చూచి, గొంతు తగ్గించి, ఆ లెక్క తాను ఎప్పుడో వేసి చూచుకొన్నానన్నది.